మూట దించే రాయి

అక్టోబరు 14

విత్తనాల కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి జిరాక్స్ మిషను ఊగకుండా దాని కాలి కింద పెట్టి ఉంచాను. ఈ రోజు బయటికి లాగాను. అచ్చువేసిన తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. టెన్త్ రెండుసార్లు తప్పినవాడు డైరీ రాస్తున్నాడంటే రుక్మిణి కడుపు పట్టుకుని నవ్వుతుంది. కట్టుకున్నదానికి ఆ హక్కు ఉంది. అందుకే ఇది అంగడి దాటి ఇంటికి పోదు.

పొద్దున నరేంద్ర వచ్చి కరపత్రం కాపీలు తీయమన్నాడు. మిషన్లో పెట్టాను. మొదటి కాగితం బయటికి వచ్చాక చదివాను. "పాలెగాడు గజ్జెల రాయుడి న్యాయగద్దెకు కొత్త మండపం. మూడువందల ఏళ్ల నల్లమిట్ట చరిత్రను కాపాడుకుందాం." కింద కమిటీ అధ్యక్షుడిగా నరేంద్ర పేరు, ఫోటో, చేతులు జోడించి.

"ఏందన్నా అట్ల సూస్తావుండావు? తప్పులేమన్నా దొర్లినాయా?" అన్నాడు.

తప్పులంట. ఆ రాయుడే పెద్ద తప్పు. వాణ్ణి పుట్టించింది నేను.

"ఏం లేదు, ఫోటోలో బాగుండావు" అన్నాను.

అక్టోబరు 15

ఏది నిజం, ఏది నేను అల్లింది, నాకే కలగాపులగం అయిపోయింది. ఒకచోట రాసి పెట్టుకోవాలి.

1999. హైస్కూలుకు యాభై ఏళ్లు నిండాయి. తెలుగు చెప్పే జయరావు సారు ఊరి చరిత్ర రాస్తానని సంచీలో నోటుబుక్కు పెట్టుకుని తిరిగేవాడు. ఎవరిని అడిగినా "ఏముండాది సారూ, వానొస్తే పండినాది, రాకుంటే ఎండినాది" అనేవాళ్లు. ఆయనకు మూడు పేజీలు నిండలేదు. పుత్తూరు రోడ్డు మలుపులో రాతి మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాను నేను. రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక బండ. సరిగ్గా మనిషి కూర్చునే ఎత్తు.

"ఒరే మునిప్రసాదూ, ఈ రాయి గురించి మీ తాత ఏమైనా చెప్పేవాడా?"

మా తాత చెప్పింది ఒక్కటే, నేను దేనికీ పనికిరానని. అది పుస్తకంలోకి ఎక్కడం ఇష్టంలేక, "సెప్పేవాడు సారూ. ఇది పాలెగాని గద్దె" అన్నాను. ఏ పాలెగాడని సారు పెన్ను మూత తీశాడు. ఎదురుగా కుప్పయ్య పొట్టేలు మెడలో గజ్జెలు మోగించుకుంటూ పోతోంది.

"గజ్జెల రాయుడు" అన్నాను.

సారు కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూశాక ఆపుకోవడం నా వల్ల కాలేదు. గజ్జెలు కట్టిన గుర్రమెక్కి వచ్చేవాడన్నాను. ఈ బండ మీదే తీర్పు చెప్పేవాడన్నాను. దీని మీద కూర్చుని అబద్ధం చెప్పినవాడికి నాలుక పడిపోతుందన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నేను దాని మీదే కూర్చుని ఉన్నాను. సారుకు తట్టలేదు.

పన్నెండు పేజీల పుస్తకం వచ్చింది. నాలుగు పేజీలు నావే. రెండు నెలలు నవ్వుకుని మరిచిపోయాను. ఊరు మరిచిపోలేదు. స్కూల్లో పాఠంలా చెప్పారు, ఉపన్యాసాల పోటీలు పెట్టారు. ఎవడో ఫోన్లలోకి ఎక్కించాడు. తిరుపతి నుంచి ఇంకెవడో వచ్చి వీడియో తీసి గుర్రం తెల్లది అన్నాడు. రంగు నేను చెప్పలేదు. రాయుడికి ఒంటికన్ను అని కూడా అంటున్నారు. అది నేను చెప్పానా, ఎవరైనా కలిపారా? ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

అయినా రాయికి మండపం కడితే నాకేం నష్టం? నవ్వుకోవచ్చు.

అక్టోబరు 19

నవ్వుకోవడానికి లేదు.

ఆనందమ్మవ్వ తోటకూర తట్ట నెత్తిన పెట్టుకుని తిరుపతి బస్సుకు వస్తుంది, రోజూ. డెబ్బై ఆరేళ్లు. బస్సు వచ్చేదాకా తట్టను ఆ బండ మీద దించి, పక్కన నిలబడుతుంది. ఎప్పుడూ కూర్చోదు. నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను, కూర్చుంటే రాయి అరిగిపోతుందా అవ్వా అని.

ఈ రోజు కరపత్రం పట్టుకుని అంగడికి వచ్చింది.

"అబ్బోడా, ఇందులో ఏం రాసుండారో సదివి సెప్పు. రాయిని పెరికేస్తారంటనే?"

చదివాను. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, రాయిని తీసి కూడలిలో మండపం కట్టి గ్రిల్లు వేస్తారు అని చెప్పాను. గజ్జెల రాయుడి దగ్గరికి వచ్చేసరికి ఆపింది.

"వాడెవుడు?"

"పాలెగాడు. ఆయన గద్దె అంట అవ్వా."

"గద్దేంది? అది మాయమ్మ రాయి."

మిషను ఆపాను.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా నాది కాకూడదు.

"నాకు మూడేండ్లప్పుడు మాయమ్మ కడుపుతోనే పోయినాది. బిడ్డ బయటికి రాలా. అట్ల పోయినోళ్ల బరువు దిగదంట అబ్బోడా. మోసుకుంటానే తిరుగుతారంట. అందుకని దోవ పక్కన ఇట్లాంటి రాయి పెడతారు. మూటలెత్తుకుని పొయ్యేటోళ్లు దాని మీద దించుకుంటారు. ఒకురు దించినప్పుడల్లా ఆమె బరువు రవ్వంత తగ్గుతాది. అరవోళ్లు సుమైతాంగి అంటారు. మానాయన పుత్తూరు సంతకు మూటలు మోసేవాడు. ఆయనే కొట్టుకొచ్చి నాటినాడు. నా సిన్నప్పుడు నా నెత్తికన్నా ఎత్తు. నిలబడిన మనిసి వంగకుండా నెత్తి మీది మూట జరిపేటట్టు ఉన్నింది. రాయి దిగలా, రోడ్డు ఎక్కినాది."

రోడ్డు ఎక్కింది. నిజమే. నాకు తెలిసే నాలుగుసార్లు తారు మీద తారు వేశారు. మూట దించే ఎత్తు కాస్తా కూర్చునే ఎత్తు అయింది. నేను కూర్చున్నాను. కూర్చుని గద్దె అన్నాను.

"మరి అందురూ గద్దె అంటావుంటే నువ్వు ఏమీ అనలేదేం అవ్వా, ఇన్నేండ్లు?"

"కూసునేదానికి ఇంపుగా ఉండాది గదా, అందుకని అంటావుండారనుకున్నా. నాకు సదువొస్తాదా? సెప్పు నరేంద్రతో. రాయి నాకిచ్చేస్తే సమాధుల తోటలో పెట్టుకుంటా. మాయమ్మ యాడుండాదో గుర్తన్నా ఉంటాది."

సరే అన్నాను. నేను అల్లానని మాత్రం చెప్పలేదు. బస్సు వచ్చేసింది. అందుకే చెప్పలేదు.

అక్టోబరు 21

జయరావు సారు దగ్గరికి వెళ్లాను. ఎనభై దాటాయి, చెవి బాగానే ఉంది. ఇరవై ఐదేళ్ల కిందటి సంగతి మొత్తం కక్కేశాను. పొట్టేలుతో సహా.

 సారు అలమరలోంచి పుస్తకం తీసి, ఆ నాలుగు పేజీలు తిప్పి, మూసేశాడు.

"నేను రాసిన పుస్తకం ఇదొక్కటే రా" అన్నాడు.

"సారూ, ఆనందమ్మవ్వ..."

"నీ అబద్ధం లేకపోతే ఆ రాయి ఈపాటికి ఏ కల్వర్టు కిందో కంకర అయ్యేది. అది కూడా ఆలోచించు."

ఆలోచించాను. దారంతా ఆలోచించాను. అది నిజం కావడమే నాకు నచ్చలేదు.

అక్టోబరు 24

నరేంద్రకు చెప్పాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"అన్నా, నువ్వా నాకు సెప్పేది? సెరకుతోటలో సిరత తిరుగుతావుండాదని మూడు దినాలు ఊరుఊరంతా తలుపులు ఏసుకునేటట్టు సెయ్యలా నువ్వు? బంగాళదుంప కోసి అడుగుల అచ్చులు ఎయ్యలా? ఫారెస్టోళ్లు గూడా కొలతలు తీసుకున్నారు. ఇప్పుడు కొత్త ఆట ఎత్తుకున్నావా?"

"ఆట కాదు నరేంద్రా. ఒట్టు."

"ఎవురి మీద?"

ఎవరి మీద అని చెప్పాలో తెలియలేదు. ఆ తడుముకోవడం చూసి మళ్లీ నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఆరో క్లాసులో రాయుడి కత సెప్పి ఫస్టు ప్రైజు తెచ్చుకున్నా నేను. స్టీలు గ్లాసు. మానాయన ఆ పొద్దు ఒక్కటే తాగకుండా ఇంటికొచ్చినాడు. ఆ గ్లాసులోనే కాఫీ తాగినాడు. మనూరికి గూడా ఒక మనిసి ఉన్నాడని ఎంత మురిసిపోయినాడో. అది ఉత్తిదని సెప్పేదానికి వచ్చినావా అన్నా?"

లేచి వచ్చేశాను. ఏ మాటకైనా మాట అందించేవాణ్ణి నేను.

అక్టోబరు 27

ఆదివారం. రాయి దగ్గర షామియానా వేసి మీటింగు పెట్టారు. నూరు మంది ఉంటారు. అందరి ముందు చెప్పాలని లేచాను. ఒక్క వాక్యం పూర్తి కాకముందే నవ్వులు.

"గద్దె మీద కూసుని సెప్పప్పా, తేలిపోతాది!" అని ఎవడో అరిచాడు.

అదీ బాగుందనిపించింది. వెళ్లి కూర్చున్నాను. చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు కూర్చున్న బండే. "గజ్జెల రాయుడు లేడు. నేనే పుట్టించినా" అన్నాను. "నాలుక ఉండాదా లేదా సూసుకోండి. నాది అబద్ధమైతే పడిపోవాల. పడిపోలేదంటే నేను సెప్పింది నిజం. కాదు, ఇదీ అబద్ధమే అంటారా? అప్పుడు గద్దె ఉత్తిది. ఎట్ల సూసినా రాయుడు లేడు."

ఇంత చక్కగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే ఆ లోపలే ఒక ఆడమనిషి కేక వేసింది. "సెప్పులేసుకుని ఎక్కినాడే!"

నా కాళ్లు చూసుకున్నాను. నిజమే, చెప్పులున్నాయి.

దింపేశారు. పసుపు నీళ్లతో కడిగారు. నాచేత క్షమాపణ చెప్పించారు, మైకులో. ఇంటికి పోయాక రుక్మిణి అన్నం పెట్టింది, మాట్లాడలేదు. నవ్వినా బాగుండేది.

నవంబరు 2

సమాధుల పండుగ. ఏటా ఈ రోజు ఆనందమ్మవ్వ సమాధుల తోటకు పోయే ముందు రాయి మీద ఒక కొవ్వొత్తి, నాలుగు బంతిపూలు పెడుతుంది. ఏటా చూస్తున్నాను. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే 1999లోనే...

రాయి చుట్టూ ఇప్పుడు తాడు కట్టారు. కాపలాకు కూర్చున్నవాడు "అవ్వా, ఈడ మైనం కార్చొద్దు, పసుపు కుంకుమ పెట్టినాము" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆమె తాడు ఇవతలే కొవ్వొత్తి పెట్టింది. లారీ పోయింది. ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. బస్సు పోయింది.

నేను అట్టముక్క తెచ్చి గాలికి అడ్డం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చెప్పాను, గద్దె మాట పుట్టించింది నేనేనని.

తిట్టలేదు. "అప్పుడు నీకెన్నేండ్లు?" అంది.

"ఇరవై ఐదు."

"అయితే సిన్నోడివేం కాదు" అంది. అంతే.

మనవడు దయానంద్‌కు శ్రీ సిటీలో పని. ఫోన్ చేసి ఇచ్చింది, నువ్వు చెప్పు అని. చెప్పాను. షిఫ్టులో ఉన్నాను అన్నాడు. లీవు అడిగితే పర్మనెంట్ చేయరంట. "రాయే గదన్నా, కొట్లాట పెట్టుకోవద్దని సెప్పు మాయవ్వకు" అన్నాడు. వాడినీ తప్పు పట్టలేను.

అవ్వను వాళ్లమ్మ పేరు అడిగాను. చర్చి పుస్తకంలో రూతమ్మ అని ఉందంట. పెంచిన మేనత్త ఎప్పుడూ "మీయమ్మ" అనేదే తప్ప పేరు ఎత్తలేదంట.

నవంబరు 9

రాళ్లు కొట్టే చిన్నబ్బ దగ్గరికి పోయాను. ఊరికే. మాటల్లో మాటగా, పాత రాతి మీద చెక్కితే పాత అక్షరాల్లా కనిపిస్తాయా అని అడిగాను.

"మట్టి పూసి నాలుగు దినాలు ఎరువు దిబ్బలో పెడితే మా తాత చెక్కినట్టు ఉంటాది. ఎవురికప్పా టోపీ?"

"ఎవురికీ కాదు. రూతమ్మ అని రాయాలంటే ఎంతసేపు పడతాది?"

"అర్ధగంట. యాడ?"

చెప్పలేదు. ఒక ఉలి అడిగి తెచ్చుకున్నాను.

నవంబరు 10

ఊరికే అడిగాను. నిజాన్ని నిజమని చూపించడానికి చిన్న సాయం, అంతే. అబద్ధానికి పుస్తకంలో నాలుగు పేజీలు ఉన్నాయి. నిజానికి ఒక్క కాగితం లేదు. నాలుగక్షరాలు చెక్కితే తప్పా?

మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక రాయి దగ్గరికి పోయాను, ఉలి జేబులో పెట్టుకుని. తాడు దాటాను. చెప్పులు విప్పి దాటాను. బండ మీద చెయ్యి పెట్టాను. ఎండకు కాలింది.

తిరిగి వచ్చేశాను. ఉలి చిన్నబ్బకు ఇచ్చేశాను.

జీవితంలో మొదటిసారి చేయకుండా వదిలేసిన తుంటరి పని ఇదే. ఎవరికి చెప్పుకోవాలి?

నవంబరు 20

రాయిని లేపారు.

జేసీబీకి బెల్టులు కట్టి ముందు అడ్డబండను ఎత్తి, ఇసుక మీద తిరగేసి పెట్టారు. అడుగు వైపు బూజు, కందిరీగల మట్టిగూళ్లు, దుమ్ము. చిన్నబ్బ చీపురుతో ఊడ్చాడు. ఒక మట్టిగూడు రాలింది.

దాని కింద ఒక సిలువ గుర్తు. దాని పక్కన అక్షరాలు. వంకరటింకరగా, చదువు రానివాడు ఎవరో రాసిచ్చినదాన్ని చూసి చెక్కినట్టు. పొన్నమ్మ. 1951.

నేనే ముందు చదివాను. గట్టిగా అరిచాను. అందరూ మూగారు. నరేంద్ర మొహంలో రక్తం లేదు. ఒక్క నిమిషం, ఆ ఒక్క నిమిషం, ఊరు నన్ను నమ్మింది. నా కళ్లతో చూశాను.

అప్పుడు చిన్నబ్బ నడుము మీద చేతులు పెట్టుకుని అన్నాడు.

"ఓహో. ఉలి ఇందుకా అప్పా?"

అంతా చెప్పాడు. మట్టి పూయడం, ఎరువు దిబ్బ, అర్ధగంట. కాపలావాడు అందుకున్నాడు, పదో తేదీ మధ్యాహ్నం నేను తాడు దాటడం కుప్పయ్య కొడుకు చూశాడంట. నవ్వులు మొదలయ్యాయి. నరేంద్ర మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది.

"నేను అడిగింది రూతమ్మ!" అన్నాను. "ఇది పొన్నమ్మ! నేను చెక్కి ఉంటే రూతమ్మ అని చెక్కనా? పైగా బండ అడుగున ఎట్ల చెక్కేది, పడుకునా?"

"నువ్వు పడుకునైనా సెక్కుతావు. ఎవురప్పా ఈ పొన్నమ్మ? నీకేమవుతాది?"

"రుక్మిణక్కకు తెలుసునా?"

"పొన్నమ్మ మొగుడు వచ్చినాడు, దోవ ఇడవండి!"

పొన్నమ్మ, పొన్నమ్మ అని నూరు నోళ్లు. జయరావు సారును కుర్చీతో సహా తీసుకొచ్చారు. వంగి చూశాడు. వేలితో ఒక అక్షరం తడిమాడు. చాలాసేపు తడిమాడు. నా వైపు చూడలేదు.

"కావచ్చును. కాకపోవచ్చును" అన్నాడు.

ఆ గోలలో ఫోన్లో ఒక ఫోటో తీసుకున్నాను.

ఆనందమ్మవ్వ బస్సు ఆగేచోట నిలబడి ఉంది, తట్ట నెత్తినే పెట్టుకుని. దించడానికి చోటు లేదు. పొన్నమ్మ అనే కేకలు అక్కడిదాకా వినిపించే ఉంటాయి. బస్సు వచ్చింది. ఎక్కలేదు. తట్టతోనే వెనక్కి తిరిగి ఊళ్లోకి పోయింది. నేనే చెక్కాననుకుని సిగ్గుపడి ఉంటుంది.

నవంబరు 21

పొన్నమ్మ ఎవరు?

నవంబరు 22

నేను చెక్కలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను. నేను చెక్కలేదు.

నవంబరు 23

సారు దగ్గరికి పోయాను. తలుపు తీసి, లోపలికి రమ్మనకుండానే, "అక్షరాల గాడిలో ఉన్న నాచు డెబ్బై ఏళ్లది రా" అన్నాడు.

"ఆ మాట ఆడ సెప్పుండొచ్చు గదా సారూ?"

"చెప్పి ఉండవచ్చును" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. తలుపు వేసేశాడు.

నవంబరు 26

కూడలిలో దిమ్మె కట్టారు. నిలువు రాళ్లు వాడలేదు, బాగా లేవని. బండను సిమెంటు దిమ్మె మీద పరిచి, చుట్టూ పూసేశారు. అడుగు వైపు సిమెంటులో కూరుకుపోయింది. ఇంక దాన్ని పగలగొడితే తప్ప ఎవడూ చదవలేడు.

నిలువు రాళ్లు రెండూ సైడు కాలువలో వేశారు.

నవంబరు 28

ఆనందమ్మవ్వ అంగడికి వచ్చింది. వారం రోజులుగా తట్ట ఎత్తలేదు. ఎవరూ లేరని చూసుకుని వచ్చింది.

"ఆ పేరు నువ్వు చెక్కినావా అబ్బోడా? నిజం సెప్పు. కొట్టను."

"లేదవ్వా. చెక్కేదానికి పోయినా. చెక్కలేదు. చెక్కుంటే రూతమ్మ అని చెక్కేవాణ్ణి."

"పొన్నమ్మ అని నీకెవురూ సెప్పలేదు?"

"ఎవురు సెప్తారు? ఆమె ఎవురో నాకు తెలీదు."

స్టూలు మీద కూర్చుంది. ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"మానాయన పోయేటప్పుడు మూడు దినాలు ఒకటే మాట" అంది. "పొన్నీ, దించు. పొన్నీ, దించు. నాకప్పుడు ఇరవై ఏడేండ్లు. మాయమ్మ రూతమ్మ గదా. సంతలో ఇంకొక ఆడదాన్ని పెట్టుకున్నాడు, సచ్చేటప్పుడు గూడా దాన్నే పిలస్తావుండాడు అనుకున్నా. కడుపు మండిపోయినాది. గుంతలోకి పిడికెడు మన్ను గూడా ఎయ్యలా నేను."

మిషను మీది ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. కాగితం అయిపోయిందని.

"బాప్తిస్మానికి ముందర పేరయ్యుంటాది" అంది. "ఇంట్లో పిలుసుకునే పేరు. ఆయనకొక్కడికే తెలిసిన పేరు."

ఫోన్లో ఫోటో పెద్దది చేసి, ముదురుగా వచ్చేట్టు పెట్టి, ఒక కాపీ తీసి ఇచ్చాను. నా జిరాక్స్ మిషనులోంచి వచ్చిన కాగితాల్లో నేను సిగ్గుపడనిది ఇదొక్కటే. అక్షరం అక్షరం చూపించాను. ఇది పొ. ఇది న్న. ఇది మ్మ. వేలు పెట్టి తడిమింది. కాగితం వేడిగా ఉందంది.

నాకు ఆశ పుట్టింది. పుట్టదా మరి?

"అవ్వా, ఈ మాట నరేంద్రతో సెప్పు. కమిటీలో సెప్పు. నీ ఒక్కదానికే తెలిసిన పేరు నేను యాడి నుంచి తెచ్చి చెక్కుతా? ఇంక ఎవురూ కాదనలేరు. దిమ్మె పగలగొట్టించి తీపిస్తా."

తల అడ్డంగా ఊపింది.

"ఆ పొద్దు ఆడ ఆ పేరును ఎట్ల నలిపినారో యిన్నా. ఇప్పుడు పోయి మానాయన సచ్చేటప్పుడు అన్న మాటల్ని వాళ్ల ముందర పరసాల్నా? వాళ్లు దాన్ని గూడా నాలుగు దినాలు నవ్వుకునేదానికా? నేను ఆయన మీద మన్ను ఎయ్యలేదని ఊరికి సెప్పాల్నా?"

"నిజం అవ్వా అది!"

"నిజమే. నాకు తెలిసినాది. సాలు." కాగితం నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. "నువ్వు గూడా యాడా అనొద్దు. పెండ్లాంతో గూడా. నోరు మూసుకోని ఉండు. నీకు కష్టమే, నాకు తెలుసు."

సరే అన్నాను.

డైరీతో అనవచ్చో లేదో అడగలేదు.

డిసెంబరు 3

"పొన్నమ్మ మొగుడా, రెండు ఆధార్ కాపీలు తియ్యి."

తీశాను.

డిసెంబరు 7

రుక్మిణి అడిగింది. నవ్వుతూ కాదు, నిజంగానే అడిగింది. ఎవరు ఆమె అని. ఎవరూ లేరు, ఉత్తిదే అన్నాను. ఉత్తిది అంటూ తల పక్కకు తిప్పుకున్నాను. అది చూసి ఆమె ఇంకేదో అనుకుంది. ఇప్పుడు ఆమె అన్నం కూడా మాట్లాడకుండానే పెడుతోంది.

చెప్పేయనా? ఒక్క ముక్క చెబితే అయిపోతుంది.

డిసెంబరు 8

చెప్పలేదు.

డిసెంబరు 15

మండపం తెరిచారు. స్టీలు గ్రిల్లు, టైల్సు, నల్లరాతి పలకలో బంగారు రంగు అక్షరాలు. నరేంద్ర కొత్త పంచె కట్టుకుని అంగడికి వచ్చి, "అన్నా, జరిగింది జరిగిపోయినాది, నువ్వు గూడా రా" అని చెయ్యి పట్టుకున్నాడు. వాడి చేతిలో ఆ పాత స్టీలు గ్లాసు ఉంది, మొదటి తీర్థం అందులో పోయించాలని. మిషను రిపేరులో ఉందని చెప్పి పోలేదు.

మైకు ఇక్కడికి బాగా వినిపిస్తుంది. హైస్కూలు అమ్మాయి మహిత చెప్పింది. గజ్జెలు కట్టిన తెల్లని గుర్రం. ఒంటికన్ను. ఆ గద్దెపై ఆసీనుడై అసత్యమాడిన వాని నాలుక. బాగా చెప్పింది. నేను కుప్పయ్య పొట్టేలును చూసి అన్న మాటే, ఇంత అందంగా తిరిగి వచ్చింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు. ఒంటికన్ను నేను చెప్పలేదని ఇప్పటికి నాకు ఖాయమైంది. దానివల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

చప్పట్లు అవుతుండగా ఆనందమ్మవ్వ వచ్చింది, నెత్తిన తట్టతో. మళ్లీ కూరల బేరానికి బయలుదేరింది. కూడలిలో ఆగింది. గ్రిల్లు చూసింది. అటూ ఇటూ చూసింది. తట్ట దించడానికి ఎక్కడా చోటు లేదు. రోడ్డు మీద దించాలంటే ఆ వయసులో అంత కిందికి వంగలేదు.

అంగడి దిగి పోయాను. "పొన్నమ్మ మొగుడు వస్తావుండాడు" అన్నారెవరో. ఆమె విన్నది. నేనూ విన్నాను. నా నోటి దాకా ఎన్ని మాటలు వచ్చాయో, నాలుక పళ్ల మధ్య పెట్టుకున్నాను.

ఆమె ముందు నిలబడి రెండు చేతులూ చాచాను, తట్ట ఎత్తుకు.

"దించు" అంది.

దించాను. చాలా బరువుంది. బస్సు వచ్చేదాకా పట్టుకునే నిలబడ్డాను.